ఉప్పెన చూసిన కళ్ళతో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక రాత్రి

అవనిగడ్డ: విమానం మారడానికి ఒక రాత్రంతా ఆగాలంటే ఎవరికైనా విసుగే. దివిసీమకు చెందిన ఒక వరి రైతు, ఆయన భార్య మాత్రం ఆ రాత్రిని వృథా పోనివ్వలేదు. అమెరికాలో ఉన్న కూతురిని చూడడానికి 2025 జూన్‌లో బయలుదేరిన ఈ దంపతులకు నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్‌లో మజిలీ పడింది. సాయంత్రం దిగితే మళ్ళీ విమానం మరునాడు మధ్యాహ్నమే. ఈలోగా ఊరు చూడాలని కాలినడకన బయలుదేరారు.

విమానాశ్రయం గడప దాటాలంటే షెంజెన్ వీసా ఉండాలి. అమెరికా వీసా ఉన్నంత మాత్రాన బయటకు పంపరు. కూతురు ముందే హెచ్చరించడంతో వారు మనిషికి 90 యూరోల రుసుము కట్టి ఆ వీసా తీసుకున్నారు. పెద్ద పెట్టెలు నేరుగా అమెరికా చేరేలా హైదరాబాద్‌లోనే చీటీలు వేయించారు. చేతిసంచులు, ఉన్ని కోట్లు మాత్రమే తమ వెంట ఉంచుకున్నారు.

సరస్సు అడుగున విమానాశ్రయం

విమానం దిగిన స్కిపోల్ ప్రాంతం ఒకప్పుడు పెద్ద సరస్సు. 1849 నుంచి 1852 వరకు మూడు చోట్ల ఆవిరి పంపులు పెట్టి ఆ నీటిని తోడేస్తే సుమారు 45 వేల ఎకరాల నేల బయటపడింది. ఆ నేల సముద్ర మట్టానికి మూడు నాలుగు మీటర్ల దిగువన ఉంది. ఇప్పటికీ పంపులు ఆగితే మళ్ళీ మడుగవుతుంది. సరిగ్గా ఆ 1852లోనే బెజవాడ దగ్గర కృష్ణకు తొలి ఆనకట్ట పని మొదలైంది. మనవారు భూమికి నీరు తెచ్చుకుంటున్న రోజుల్లో అక్కడివారు నీరు తోడి భూమి సంపాదించుకున్నారన్న మాట.

విమానాశ్రయం కిందనే రైలు స్టేషన్ ఉంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో రైలు నగరం నడిబొడ్డున దింపింది. ఆ స్టేషన్ ముందు నీటి అడుగున ఏడు వేల సైకిళ్ళు పెట్టుకునే చోటు 2023లో కట్టారు. అక్కడ రోడ్డు పక్కన ఎర్రగా కనిపించే బాట సైకిళ్ళది. తెలియక దాని మీద కాలు పెట్టిన ఆ ఇల్లాలు గంటల మోతకు బెదిరి పక్కకు తప్పుకున్నారు.

పది గంటలకు పొద్దుగూకింది

జూన్ నెలలో అక్కడ రాత్రి పది గంటలకు గాని పొద్దుగూకదు. అందువల్ల వెలుతురులోనే నడక సాగింది. స్టేషన్ నుంచి పది నిమిషాల దూరంలో డామ్ కూడలి. ఆమ్‌స్టెల్ నదికి సుమారు ఏడు వందల ఏళ్ళ క్రితం అడ్డంగా వేసిన కట్ట వల్లనే ఊరికి ఆ పేరు వచ్చింది. కూడలిలోని రాజభవనం బురద నేలలో దిగగొట్టిన 13,659 కొయ్య దుంగల మీద నిలబడి ఉంది. దుంగలు గాలి తగలకుండా నీటిలోనే మునిగి ఉంటే వందల ఏళ్ళయినా పుచ్చవు.

అక్కడి నుంచి పడమటికి నడిస్తే ఒకదాని వెనుక ఒకటిగా మూడు పెద్ద కాలువలు. గట్టున ఇళ్ళు సన్నగా, పొడవుగా ఉన్నాయి. మెట్లు ఇరుకు కావడంతో సామాను తాడుకు కట్టి కిటికీలోంచి పైకి లాగడానికి ప్రతి ఇంటి నెత్తిన ఒక కొక్కెం ఉంది. దంపతులు ఒక వంతెన మీద కూర్చుని వెంట తెచ్చుకున్న పులిహోర తిని, స్టేషన్ దగ్గరి బసకు చేరారు.

గాజు గొట్టంలో 1953

మరునాడు ఉదయం చూసినదే ఆ రైతు మనసులో నిలిచిపోయింది. నగరపాలక భవనంలో మూడు గాజు నీటి గొట్టాలు నిలబెట్టారు. రెండింటిలో నీరు ఆ దేశపు తీరంలో రెండు చోట్ల సముద్రం ఆ క్షణాన ఎంత ఎత్తున ఉందో చూపుతుంది. మూడవది మనిషి తలను మించి పైకి పోయింది. అది 1953 ఫిబ్రవరి 1న వచ్చిన ఉప్పెన నీటిమట్టం, నాలుగున్నర మీటర్లు. ఆ దేశంలో 1,836 మంది చనిపోయారు.

ఆయన ఆ గొట్టం ముందు చాలాసేపు కదలలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన నాటికి ఆయనకు పన్నెండేళ్ళు. ఆ రాత్రి వేలాది మందితో పాటు ఆయన నాయనమ్మ, మేనత్త కొట్టుకుపోయారు.

1953 తరువాత డచ్చివారు డెల్టా పనుల పేరుతో వరుసగా అడ్డుకట్టలు కట్టుకున్నారు. తుఫాను వస్తే మూసుకునే 62 ఉక్కు తలుపుల కట్ట 1986లో పూర్తయింది. చివరిది 1997లో సిద్ధమైంది. కట్టల సంరక్షణ, మురుగు తోడకం చూసే నీటి బోర్డులు అక్కడ 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. ఇప్పుడు 21 బోర్డులు. నాలుగేళ్ళకోసారి ఎన్నికలు జరుగుతాయి, ఊళ్ళోవారైనా రైతులైనా పన్ను కడతారు. మన రాష్ట్రంలోనూ 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. కట్ట కట్టడం ఒక ఎత్తు, ఏటా దాన్ని కాపాడుకోవడం మరో ఎత్తని, గండి పడ్డాక ఇసుక బస్తాలు వెతుక్కుంటే లాభం లేదని ఆ రైతు అభిప్రాయం.

నాటి నీరు ఎంత ఎత్తు వచ్చిందో తెలిపే గీతను ప్రతి ఊరి బడి గోడ మీద గీయించాలని ఆయన కోరుతున్నారు. అమెరికా నుంచి తిరిగి వచ్చాక, తండ్రి చెప్పిన ఆనవాలు ప్రకారం నిచ్చెన వేయించి తన ఇంటి గోడ మీద ముందుగా ఆ గీత గీయించారు. అది చూరుకు జానెడు కిందుగా వచ్చింది.