బావి పనిలో గాలి యంత్రము

జనగామ, మహబూబాబాదు ప్రాంతములలో బావి లోతు చేయించు రైతునకు తరచుగా కొలది గజములలోనే బండ తగులును. పూర్వము సమ్మెటతో నెలల తరబడి సాగిన పనిని ట్రాక్టరునకు బిగించిన కంప్రెసరు కొలది దినములలో ముగించుచున్నది. యంత్రము గాలిని అదిమి తొట్టిలో నింపును. ఆ గాలి గొట్టము గుండ దిగి జాక్‌హామరులోని పిస్టనును ఆడించును. ఉలి బండను తొలుచును. సాధారణముగా చదరపు సెంటీమీటరునకు 6, 7 కిలోల ఒత్తిడి చాలును.

ఒత్తిడి తగ్గినప్పుడు కూలివారు డ్రిల్లుపై బరువు వేసి అదుముదురు. దానివలన రంధ్రము త్వరపడదు, ఉలి పట్టుకొనును. మొదట అతుకులలో గాలి కారుచున్నదేమో, ఉలి మొద్దుబారినదేమో చూడవలెను. గాలి కారినంత మేర డీజిలు వృథాయే. ఉదయముననే తొట్టి అడుగు నీటిని వదలి, గేజిని చూడవలెను. సేఫ్టీ వాల్వునకు తీగె చుట్టి బిగించిన యంత్రమును మేమొకచోట చూచితిమి; అట్టి యంత్రమును పొలములోనికి రానీయకుండుటయే మేలు. అతుకు ఊడిన గొట్టము కొరడావలె కొట్టును గనుక అతుకులకు గొలుసు వేయవలెను. ఉలి మార్చునప్పుడు గొట్టమును మడచి పట్టుట చాలదు; పైన వాల్వు మూసి, గొట్టములో మిగిలిన గాలిని వదలవలెను. ఒంటి దుమ్మును ఆ గాలితో దులుపుకొనరాదు.

కంటికి కనబడు ఈ ప్రమాదములకన్న కనబడనివి ఘోరమైనవి. రాతి దుమ్ములోని సన్నని సిలికా ఊపిరితిత్తులలో నిలిచి, ఏండ్లు గడచిన పిదప సిలికోసిస్ వ్యాధియై బయటపడును. పాడైన ఊపిరితిత్తిని మరల బాగుచేయు మందు లేదు. ముఖమునకు చుట్టిన తువాలు ఆ సన్నని దుమ్మును ఆపదు. రంధ్రములోనికి నీరు పోయుచు తొలచుట ముఖ్యము. దానితోపాటు తగిన మాస్కు వలయును. భూపాలపల్లి దిక్కున దొరకు ఇసుకరాయి మెత్తనిదని ఉపేక్షింపరాదు. గ్రానైటుకంటె దానిలో సిలికా తరచుగా అధికము.

రెండవది విషవాయువు. ఇంజనును బావి గట్టుననే నిలిపినచో దాని పొగ లోనికి దిగును. గాలి వాలు చూచి దూరముగా ఉంచవలెను. తూటాలు లైసెన్సు గలవారే పేల్చవలెను. పేలిన వెంటనే ఎవరును దిగరాదు. దీపమును దింపి చూచు మన పాత పరీక్ష ప్రాణవాయువు తక్కువైనదని మాత్రమే తెలుపును. కార్బన్ మోనాక్సైడు ఉన్నను దీపము చక్కగా వెలుగును. ఫ్రాన్సు, ఇటలీల నడుమ మాంట్ సెనీ సొరంగమున 1861 నుండి గాలి డ్రిల్లులు వాడినప్పుడు, వాటినుండి వెడలిన గాలియే లోపలి పొగను తరుముటకును ఉపకరించెను. మన బావిలోను ఖాళీ గొట్టమును అడుగు వరకు దింపి గట్టిగా కట్టి, చాలసేపు మంచి గాలిని పంపవలెను. వాయువును కొలుచు పరికరముతో చూచిన పిదపనే నడుమునకు మోకు కట్టుకొని ఒకడు దిగవలెను, పైన ఇద్దరుండవలెను. దిగినవాడు మొదట పేలని తూటాలను వెదకవలెను. పాత రంధ్రపు మొదలులో ఉలి పెట్టి మరల తొలువరాదు; మందు మిగిలియున్నచో అక్కడనే పేలును.

అడుగుల లెక్కన కూలి మాట్లాడినప్పుడు ఈ జాగ్రత్తలన్నియు ఆలస్యముగానే తోచును. కావున గాలి పట్టు సమయమునకు, నీటికి, మాస్కులకు అగు ఖర్చెవరిదో బేరమునాడే కాగితముపై వ్రాసికొనవలెను. ఆ ఖర్చు బావి యజమాని భరించుటయే న్యాయమని మా అభిప్రాయము.