సీసా భుజం మీద కోతులు

2005లో విలియం గ్రాంట్ కంపెనీ 'మంకీ షోల్డర్' అనే విస్కీని బజారులోకి తెచ్చింది. సీసా భుజం మీద మూడు కోతి బొమ్మలు. చూసేవాళ్లకు తమాషా. కానీ ఆ పేరు ఒక జబ్బుది. స్కాట్లండు సారా బట్టీల కూలీల జబ్బు.

అక్కడ విస్కీ బార్లీతో మొదలవుతుంది. మన రైతు వరి విత్తనం నానేసి మండె కట్టినట్టే, వాళ్లు బార్లీని రెండు మూడు రోజులు నానేసి గచ్చు మీద పరుస్తారు. మొలక వచ్చేకొద్దీ వేడి పుడుతుంది. తిరగెయ్యకపోతే వేళ్లు పెనవేసుకుని గింజంతా గడ్డ కడుతుంది. అందుకని కూలీలు చెక్క పారలతో కొన్ని గంటలకోసారి, రాత్రనక పగలనక, దాదాపు వారం రోజులు తిరగెయ్యాలి. టన్నుల కొద్దీ తడి గింజ! ఆదివారమని మొలక ఆగుతుందా? ఏళ్ల తరబడి ఒకే వాటాన పార వేసీ వేసీ భుజం జారిపోయి చెయ్యి వేలాడేది. అదే 'మంకీ షోల్డర్', అంటే కోతి భుజం. ఆ తర్వాత మొలకను ఆరబెట్టడం, వేడి, పొగ, దుమ్ము.

ఇంత చేసినవాళ్లకు రోజుకు రెండు మూడు సార్లు సారా పొయ్యడం ఆనవాయితీ. 'డ్రామ్' అంటారు. మురికి పనికి దిగితే ఇంకో గుక్కెడు. దీన్ని యజమాని ఉదారం అనుకునేరు! కూలి పెంచే బదులు గ్లాసు నింపడం మన పల్లెల్లో మాత్రం ఎరగమా? పైగా బట్టీలోంచి సారా పారే ఇత్తడి పెట్టెకు తాళాలు. 1983 దాకా ఎక్సైజు అధికారి తాళం తియ్యందే ఎవరూ దాన్ని తాకడానికి లేదు. 1974లో పనిచోట భద్రతా చట్టం వచ్చింది. తర్వాతి ఏళ్లలో డ్రామ్ కూడా క్రమంగా ఆగిపోయింది.

పారల పనిని చాలాచోట్ల యంత్రపు డ్రమ్ములు మింగేశాయి. మొలకంతా ఇప్పటికీ గచ్చు మీదే చేసుకునేది క్యాంబెల్‌టౌన్‌లోని స్ప్రింగ్‌బ్యాంక్ లాంటి ఒకటీ అరా. భుజాలు బాగుపడ్డాయి, సంతోషమే. మరి పని? ఐలా దీవిలోని పోర్ట్ ఎలెన్ సంగతి చూడండి. 1973లో ఆ ఊళ్లో డ్రమ్ముల ఫ్యాక్టరీ కట్టారు. విస్కీ అమ్మకాలు పడిపోయాయని 1983లో బట్టీ మూసేశారు. డ్రమ్ములు మాత్రం ఆగలేదు, పక్క బట్టీలకు మొలకలు పంపుతూ వచ్చాయి. మూతపడ్డ బట్టీలో ఆ కూలీలు కాచిన సారా పీపాల్లోనే ముదిరి, తర్వాత సీసా వేల పౌన్లకు అమ్ముడుపోయింది. 2024లో బట్టీని మళ్లీ తెరిచారు, 41 ఏళ్ల తర్వాత.