ఇంగ్లీషుకు చెవి కావాలి

పిల్లలూ! ముందుగా ఒక చిన్న చిక్కు ప్రశ్న.

మా బాన్సువాడ కామారెడ్డి జిల్లాలో ఉంది. నిజాంసాగర్ కాలువ నీటితో పండే వరి పొలాలు చుట్టూ కనిపిస్తాయి. ఇక్కడి అంగడికి వచ్చే కుర్రవాణ్ణి ఒకణ్ణి తీసుకోండి. వాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. పక్కింటి దోస్తుతో ఉర్దూ మాట్లాడతాడు. తండా నుంచి వచ్చే స్నేహితుడితో నాలుగు లంబాడీ మాటలు కలుపుతాడు. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు ఎంతో దూరంలో లేవు కాబట్టి మరాఠీ, కన్నడ మాటలు కూడా వాడి చెవిని పడుతూనే ఉంటాయి. వీటికోసం వాడు ఏ పుస్తకమూ చదవలేదు. ఏ మాస్టారూ వాడికి పాఠం చెప్పలేదు.

అదే కుర్రవాడు ఏళ్ళ తరబడి బడిలో ఇంగ్లీషు చదువుతాడు. పరీక్ష రాస్తాడు, మార్కులు కూడా తెచ్చుకుంటాడు. కాని ఎవరైనా వచ్చి ఇంగ్లీషులో పేరు అడిగితే మాత్రం నేల చూపులు చూస్తాడు! ఎందుచేత?

వాడికి తెలివి తక్కువై కాదు. తెలివి తక్కువైతే ఆ మిగతా భాషలు ఎలా వచ్చాయి? అసలు కారణం ఏమంటే, ఉర్దూకు బజారు ఉంది, లంబాడీకి తండా ఉంది. ఇంగ్లీషుకు మా ఊళ్ళో అంగడి లేదు. అది వాడి చెవిని పడలేదు.

పసిపిల్లవాడు మాట నేర్చే తీరు చూడండి. మొదటి మాట పలకటానికి ముందు వాడు సుమారు ఏడాదిపాటు వింటూనే ఉంటాడు. ఆ తరువాత పలుకుతాడు. చదవటమూ, రాయటమూ ఎన్నో ఏళ్ళకుగాని రావు. చెవి, నోరు, కన్ను, చెయ్యి – ఇదీ వరస. ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి మనం ఈ వరసను తలకిందులు చేశాం. ముందు చేతికి కలం ఇస్తాం. చెవి సంగతి మరిచిపోతాం.

తెలుగు విషయంలో ఇలా చేసినా అంత ప్రమాదం లేదు. తెలుగులో రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం. ఇంగ్లీషు అలా కాదు. సి-యు-టి కట్ అయినప్పుడు పి-యు-టి పట్ కావాలి కదా? కాదు, అది పుట్! అక్షరాన్ని చూసినంత మాత్రాన శబ్దం తెలియదు.

ఇంకొక చిక్కు ఉంది. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే ఇంగ్లీషు బస్ మన ఇంటికి వచ్చి బస్సు అయింది, బల్బ్ వచ్చి బల్బు అయింది. తెలుగు మాట్లాడేటప్పుడు ఇది తప్పు కాదు, ఆ మాటను మనం సొంతం చేసుకున్నామన్న మాట. కాని ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు చివర ఆ ఉకారం చేర్చితే వినేవాడు తికమక పడతాడు. అలాగే ఇంగ్లీషులో ‘వి’ అనే అక్షరానికి ఒక శబ్దం, ‘డబ్ల్యు’ అనే అక్షరానికి మరొక శబ్దం ఉన్నాయి. మనకు రెండూ ‘వ’కారమే. మొదటిదానికి పై పళ్ళు కింది పెదవిని తాకాలి. రెండవదానికి పెదవులు సున్నాలా గుండ్రంగా చుట్టుకోవాలి. ఈ తేడాను తెలుగు అక్షరాలతో రాసి చూపటం కుదరదు. వినవలసిందే.

మరి వినిపించేది ఎవరు? తానే సరిగా వినని భాషను మాస్టారు మాత్రం ఎలా వినిపిస్తాడు? ఇక్కడే యంత్రం మన సాయానికి వచ్చింది.

1877లో అమెరికాలో ఎడిసన్ అనే ఆయన ఫోనోగ్రాఫు అనే యంత్రం చేశాడు. ఒక స్తంభంలాంటి గొట్టానికి పల్చని తగరపు రేకు చుట్టి, దాన్ని చేత్తో తిప్పుతూ దాని ముందు మాట్లాడాడు. మాటకు గాలి కదిలింది. గాలి కదిలితే ఒక పల్చని పొర అదిరింది. పొరకు అమర్చిన సూది ఆ అదురును రేకుమీద గీతగా గీసింది. సూదిని మళ్ళీ అదే గీతలో నడిపించగానే పొర అదిరి, అన్న మాట తిరిగి వినిపించింది! అంతవరకు నోటినుంచి వెలువడిన మాట గాలిలో కలిసిపోవలసిందే. ఆ రోజునుంచి మాటను దాచుకోవటం సాధ్యమైంది. 1887లో బెర్లినర్ అనే ఆయన గొట్టానికి బదులు బల్లపరుపు పళ్ళెం వాడాడు. అదే గ్రామఫోను రికార్డు. 20వ శతాబ్దం మొదటి సంవత్సరాలలోనే పాటల రికార్డులతో పాటు భాషలు నేర్పే రికార్డులు కూడా అమ్మకానికి వచ్చాయి.

తరువాత రేడియో వచ్చింది. 1943లో లండన్ నుంచి బి.బి.సి. వారు రేడియోలో ఇంగ్లీషు పాఠాలు మొదలుపెట్టారు. మన దేశంలో ఆకాశవాణి కూడా బడిపిల్లల కోసం కార్యక్రమాలు ప్రసారం చేస్తూ వచ్చింది. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధనకోసమే ఒక కేంద్ర సంస్థను స్థాపించారు. ఇంగ్లీషు చెప్పే మాస్టర్లకు శిక్షణ ఇవ్వటం దాని ముఖ్యమైన పని. అదే క్రమంగా పెరిగి, నేడు ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా పేరు పొందింది.

అయితే రేడియోకు ఒక లోపం ఉంది. అది తాను చెబుతుందేగాని మనం చెప్పింది వినదు. ఈ లోపాన్ని తీర్చింది టేపు రికార్డరు. ప్లాస్టిక్కు పట్టీమీద ఇనుప భస్మంలాంటి పొడిని పూసి, దానిమీద శబ్దాన్ని అయస్కాంత శక్తితో ముద్రిస్తారు. వద్దనుకుంటే చెరిపి మళ్ళీ ముద్రించవచ్చు. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు ఈ పట్టీని అరచేతిలో ఇమిడే కాసెట్టుగా చేశారు. దానితో టేపు రికార్డరు పల్లెటూరి బడికి కూడా అందుబాటులోకి వచ్చింది.

నేను పనిచేసిన బడిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. ఇంగ్లీషు పీరియడులో నోరు తెరిచేవాడు కాదు. ఒకసారి టేపు రికార్డరు ముందు కూర్చోబెట్టి నాలుగు వాక్యాలు చదివించి వాటిని వాడికే వినిపించాను. “ఇది నా గొంతు కాదు సార్!” అన్నాడు వాడు. తరగతి అంతా గొల్లుమంది. కాని మర్నాడు వాడే వచ్చి, “సార్, ఇంకొకసారి చదువుతాను, పట్టండి,” అని అడిగాడు.

మీ గొంతు రికార్డులో విన్నప్పుడు మీకూ అలాగే అనిపిస్తుంది. దానికి కారణం ఉంది. మనం మాట్లాడేటప్పుడు మన శబ్దం గాలి ద్వారానే కాక, తలలోని ఎముకల ద్వారా కూడా మన చెవికి చేరుతుంది. అందుచేత మనకు మన గొంతు కాస్త గంభీరంగా వినిపిస్తుంది. రికార్డులో గాలి ద్వారా వెళ్ళిన శబ్దమే ఉంటుంది. ఇతరులు వినేది అదే! తన ముఖం తాను చూసుకోవటానికి అద్దం ఎలాంటిదో, తన మాట తాను వినటానికి ఈ యంత్రం అలాంటిది.

ఇంతలో పాఠం ఆకాశానికి ఎక్కింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఏ.టి.ఎస్.-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు పంపారు. వాటిలో తెలుగు పల్లెలు కూడా ఉన్నాయి. ఆ ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండేది! ఈనాడు తెలంగాణలో టి-శాట్ ఛానళ్ళు ఉపగ్రహం ద్వారానే పాఠాలు అందిస్తున్నాయి. కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి మన పిల్లలు దూరదర్శన్ యాదగిరిలోను, టి-శాట్‌లోను పాఠాలు విన్నారు. అప్పుడే ఒక చేదు నిజం కూడా బయటపడింది. ఇంట్లో టీవీయో, ఫోనో ఉన్నవాడికి బడి ఉంది. లేనివాడికి బడి లేదు. పాఠం ఎంత గొప్పదైనా, అది అందే సాధనం లేకపోతే అందని ద్రాక్షపండే గదా!

ఇక ఇప్పటి యంత్రం సంగతి వినండి. ఇది చెప్పటమే కాక వింటుంది కూడా. హైదరాబాదులోనే ఒక ముచ్చటైన ప్రయోగం జరిగింది. సుగతా మిత్రా అనే ఆయనా, జేమ్స్ టూలీ మొదలైన ఆయన మిత్రులూ దాన్ని చేశారు. దాని వివరాలను 2003లో ప్రకటించారు. ఒక ప్రైవేటు బడికి చెందిన 16 మంది పిల్లలను ఎన్నుకుని, వారికి కంప్యూటరు ఇచ్చారు. మాట్లాడితే ఆ మాటను అక్షరాలుగా రాసే ప్రోగ్రాము ఒకటి అందులో ఉంది. ఇంగ్లీషు నేర్పే ప్రోగ్రామూ, కొన్ని ఇంగ్లీషు సినిమాలూ కూడా ఇచ్చారు. పిల్లలు దాని ముందు మాట్లాడితే మొదట అది ఏవేవో పిచ్చి రాతలు రాసింది. వాళ్ళ పలుకు దానికి అర్థం కాలేదు! కాని పిల్లలు వదల్లేదు. జట్లు జట్లుగా కూర్చుని, విని, పలికి, ఒకరినొకరు దిద్దుకున్నారు. కొన్ని నెలల్లో వారి ఉచ్చారణ బాగుపడింది. పక్కన నిలబడి దిద్దిన మాస్టారు ఎవరూ లేరు.

ఈ ప్రయోగంలో నాకు నచ్చిన సంగతి యంత్రం గొప్పతనం కాదు. పిల్లలు జట్టుగా కూర్చున్నారు, అదీ నచ్చింది. యంత్రం వారిని వెక్కిరించలేదు, విసుక్కోలేదు, అదీ నచ్చింది. ఇంగ్లీషు రాక నోరు మూసుకునే పిల్లలు తక్కువ. నలుగురూ నవ్వుతారని మూసుకునేవారే ఎక్కువ.

ఈ మాట ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులలో ఒకటినుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చారు. ఇంతకు ముందు ఇంగ్లీషు రాకపోతే ఒక్క ఇంగ్లీషులోనే మార్కులు పోయేవి. ఇప్పుడు ఇంగ్లీషు అర్థం కాకపోతే లెక్కలూ అర్థం కావు, సైన్సూ అర్థం కాదు. ఇంట్లో ఇంగ్లీషు వినే పట్నపు పిల్లవాడూ, ఎన్నడూ వినని పల్లెటూరి పిల్లవాడూ ఒకే పరీక్ష రాయాలి. ఆ రెండోవాడి చెవికి ఇంగ్లీషు అందించటం ఇక వేడుక కాదు, అవసరం.

కాని యంత్రాన్ని నమ్మే ముందు దాని గుణదోషాలు తెలుసుకోవాలి. ఫోను మన మాటను ఎలా గుర్తుపడుతుంది? శబ్దాన్ని సెకనులో నూరోవంతు అంతటి చిన్న చిన్న ముక్కలుగా చేస్తుంది. అంతకు ముందు తనకు వినిపించిన ఎందరెందరి మాటలతోనో పోల్చి, ‘ఇది ఫలానా మాట అయి ఉండాలి’ అని ఊహిస్తుంది. అది ఎవరి గొంతులు ఎక్కువగా విన్నదో వారి మాటనే బాగా పోల్చుకుంటుంది. పెద్దల గొంతు తెలిసినంతగా దానికి పిల్లల గొంతు తెలియదు. అందుచేత ఫోను ‘తప్పు’ అన్నప్పుడల్లా తప్పు మీదే అనుకోకండి. తప్పు దానిదీ కావచ్చు. అలాంటప్పుడు మాస్టారిని అడగండి.

మరొక ప్రమాదం ఉంది. ‘నాకు ఆకలి వేస్తోంది’ అని తెలుగులో చెబితే ఫోను క్షణంలో ‘ఐ యామ్ హంగ్రీ’ అని చూపిస్తుంది. వ్యాసం కావాలంటే వ్యాసమే రాసి పెడుతుంది. మన తెలుగులో ఆకలి మనకు ‘వేస్తుంది’. ఇంగ్లీషులో మనిషే ఆకలిగా ‘ఉంటాడు’. ఈ తేడాను గమనించినవాడికి భాష వచ్చింది. జవాబును చూసి దించుకున్నవాడికి చేతి నొప్పి మాత్రమే వచ్చింది. ఒకరు తింటే మరొకరి కడుపు నిండుతుందా?

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో ఫోను ఉంటే రోజూ ఒక పావుగంట దాన్ని పాఠానికి కేటాయించండి. పిల్లవాడి చేతికిచ్చి వదిలేయకండి, పక్కన కూర్చోండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. “ఇప్పుడు ఏమి విన్నావు? తెలుగులో చెప్పు,” అని అడగండి, చాలు. ఫోను లేని పిల్లవాడు మీ వాడలో ఉంటే వాణ్ణి కూడా పిలవండి. ఇద్దరు కలిసి నేర్చుకుంటే మీ వాడికేమీ తగ్గదు, పైగా మాట్లాడటానికి ఒక తోడు దొరుకుతుంది.

చివరగా పిల్లలకు ఒక ప్రయోగం. దీనికి కరెంటు అక్కరలేదు. పల్చని కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీగా చింపి, పెదవుల ముందు వేలాడేటట్టు పట్టుకోండి. ‘పిల్లి’ అనండి. కాగితం దాదాపు కదలదు. ఇప్పుడు మంచి ఇంగ్లీషు మాట్లాడేవారు ‘పెన్’ అనటాన్ని రేడియోలోనో, ఫోనులోనో శ్రద్ధగా విని, అలాగే అనండి. సరిగా అంటే కాగితం ఎగిరిపడుతుంది! ఇంగ్లీషువారు మాట మొదట వచ్చే ‘ప’కారాన్ని కొంచెం గాలి వదిలి పలుకుతారు. అదే ‘స్పిన్’ అన్నప్పుడు ఆ గాలి ఉండదు, కాగితం అంతగా కదలదు.

మీ స్నేహితులను కూడగట్టుకుని చేసి చూడండి. ఎవరి కాగితం ఎగరకపోయినా నవ్వకండి. ఇంకొకసారి చేయమనండి.