హెర్‌ఫర్డ్ ఆబోతును ఎంచడం ఎట్లా?



సంతలో కోడెను బేరమాడేటప్పుడు మనం ఏం చేస్తాం? ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాం. సుడులు చూస్తాం, పళ్ళు పట్టి చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. అరక కట్టే ఎద్దుకైతే ఇది చాలావరకు సరిపోతుంది. పొరపాటు పడినా ఆ నష్టం ఆ ఒక్క ఎద్దుతోనే పోతుంది. కాని మందకు విత్తనంగా నిలపబోయే ఆబోతు సంగతి అట్లా కాదు. ఆవు ఏడాదికి ఒక్క దూడను ఇస్తే, ఆబోతు పాతిక ముప్పై దూడలకు తండ్రి అవుతుంది. ఆ దూడల్లో మంచి పెయ్యలను మందలోనే ఉంచుకుంటాం గనుక, దాని మంచీ చెడూ పదేళ్ళ తరువాత కూడా మన దొడ్లోనే తిరుగుతుంటాయి. ఈ సంగతిని అమెరికాలో హెర్‌ఫర్డ్ పశువులను పెంచేవారు ఒకప్పుడు చాలా నష్టపడి నేర్చుకున్నారు. ఆ కథా, వారు ఆబోతును ఎంచే పద్ధతీ ఇప్పుడు చెప్పుకుందాం.

హెర్‌ఫర్డ్ జాతి పుట్టినిల్లు ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్‌షైర్. ఎర్రని ఒళ్ళు, తెల్లని మొగం, మూపురం ఉండదు. మాంసం కోసం పెంచే జాతి ఇది. దీని వంశావళి పుస్తకం మొదటిసారి 1846లో అచ్చయింది. అంతకుముందే, 1817లో, హెన్రీ క్లే అనే రాజకీయ నాయకుడు ఈ పశువులను అమెరికాలోని కెంటకీకి తెప్పించాడు. చలికి ఓర్చుకొని, ఉత్త పచ్చికమీద బతికి, ఒళ్ళు చేసే గుణం ఉండటంవల్ల పడమటి బయళ్ళ నిండా ఈ తెల్లమొగం పశువులే నిండిపోయాయి.

1940ల నాటికి అక్కడి పశుప్రదర్శనలలో ఒక మోజు బయలుదేరింది. పొట్టి కాళ్ళు, గుండ్రని ఒళ్ళు, కుదిమట్టంగా ఉన్న ఆబోతుకే బహుమతి. బహుమతి వచ్చిన ఆబోతుకు గొప్ప ధర. అందరూ అట్లాంటి వాటినే కొని మందలలో నిలిపారు. కొన్నేళ్ళకు మందలలో మరుగుజ్జు దూడలు పుట్టసాగాయి. ఉబ్బిన నుదురు, ముందుకు పొడుచుకు వచ్చిన కింది దవడ, ఉబ్బిన పొట్ట, గురకపెట్టే శ్వాస. వాటిలో చాలా దూడలు ఎదగకుండానే చనిపోయేవి.

కారణం ఏమిటంటారా? ఆ లోపం దాగి ఉండే లోపం. తల్లినుంచీ తండ్రినుంచీ రెండు వైపులా వస్తేనే దూడ మరుగుజ్జు అవుతుంది. ఒక వైపునుంచే వస్తే పశువు ఆరోగ్యంగానే ఉంటుంది, కాస్త పొట్టిగా, కుదిమట్టంగా మాత్రం కనబడుతుంది. అంటే న్యాయనిర్ణేతలు ముచ్చటపడి బహుమతి ఇచ్చిన ఆకారంలోనే ఆ దోషం దాగి ఉన్నదన్నమాట! విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలవదంటాం. నిజమే గాని, విత్తు లోపల ఏముందో పైకి కనబడదు గదా. పేరుమోసిన వంశాలకు వంశాలనే పోషకులు వదులుకోవలసి వచ్చింది. ఆబోతును పరీక్షించటానికి, మరుగుజ్జు దూడను ఈనిన ఆవులతోనే దాన్ని దాటించేవారు. దోషమున్న ఆబోతైతే నాలుగు దూడలకు ఒకటి చొప్పున మరుగుజ్జు పుట్టాలి. వరుసగా పదహారు దూడలు మంచివే పుడితే, ఆ ఆబోతులో దోషం దాగి ఉండే అవకాశం నూటికి ఒక పాలు మాత్రమే. ఎంత ఖర్చు, ఎంత కాలం!

కాబట్టి అక్కడివారు ఇప్పుడు కంటిని ఒక్కదాన్నే నమ్మరు. అట్లాగని కంటిని వదలరు కూడా. వారి పరీక్ష నాలుగు మెట్లుగా సాగుతుంది.

మొదటిది చూపు. ఆబోతును గట్టినేలపై నడిపించి, పక్కనుంచీ వెనుకనుంచీ చూడాలి. వెనుక కాలు మరీ నిటారుగా ఉంటే కీలు త్వరలో దెబ్బతింటుంది. కొడవలిలాగా మరీ వంగి ఉన్నా పనికిరాదు. ముందు గిట్ట పడిన చోటనే వెనుక గిట్ట పడుతున్నదా, గిట్టలు రెండు పక్కలా సమంగా అరిగాయా చూడండి. మైళ్ళ కొద్దీ నడిచి మేస్తూ ఆవులను వెతుక్కోవలసిన జంతువుకు కాళ్ళే ప్రాణం. హెర్‌ఫర్డ్‌లో ప్రత్యేకంగా చూడవలసింది కన్ను. కనురెప్పల చుట్టూ తెల్లగా ఉంటే ఎండ దెబ్బకు కంటి క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఎర్రని రంగు కంటిచుట్టూ ఉన్న ఆబోతు మేలు, ఆ గుణం దూడలకూ సంక్రమిస్తుంది. ఇంకొక హెచ్చరిక: అమ్మకానికని దాణా దట్టించి కొవ్వెక్కించిన ఆబోతును చూచి మురిసిపోకండి. కొవ్వు లోపాలను కప్పుతుంది, వృషణాలకు వేడిమి ఎక్కించి వీర్యాన్నీ పాడుచేస్తుంది.

రెండవది టేపు, సూక్ష్మదర్శిని. పశువైద్యుడు వృషణాల చుట్టుకొలత తీస్తాడు. పదిహేను నెలల లోపు కోడెకు కనీసం 30 సెంటీమీటర్లు, రెండేళ్ళు దాటినదానికి 34 ఉండాలి. ఈ కొలత బాగున్న ఆబోతు కూతుళ్ళు త్వరగా ఎదకు వస్తాయని కూడా తేలింది. వీర్యంలో కనీసం నూటికి 30 కణాలు ముందుకు చురుకుగా కదలాలి, 70 కణాలు సరైన ఆకారంలో ఉండాలి. వీర్యకణం తయారు కావటానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కాబట్టి రెండు నెలల కిందట వచ్చిన జ్వరం ఫలితం నేటి పరీక్షలో కనబడవచ్చు. ఒకసారి తప్పినదాన్ని వెంటనే తోసివేయక, మరల పరీక్ష చేయించాలి.

మూడవది త్రాసు. పెద్ద దూడే మంచి దూడ అనుకోవటం సహజం. కాని దాని వయస్సు ఎంత? లెక్క వేసి చూద్దాం. మొదటి దూడ పుట్టినప్పుడు 36 కిలోలు, 220వ రోజున 256 కిలోలు. రోజుకు సరిగా ఒక కిలో పెరిగింది. 205 రోజుల వయస్సుకు సరిచేస్తే 241 కిలోలు. రెండవ దూడ పుట్టినప్పుడు 34 కిలోలు, 190వ రోజున 243 కిలోలు. రోజుకు 1.1 కిలో చొప్పున పెరిగింది. అదే 205 రోజులకు సుమారు 259 కిలోలు. దొడ్లో చిన్నగా కనబడిన దూడే నిజానికి మెరుగు! తల్లి వయస్సును బట్టి కూడా ఈ లెక్కను సవరిస్తారు. ఒకే బీడులో, ఒకే మేత మీద పెరిగినవాటినే ఒకదానితో ఒకటి పోల్చాలి. మోంటానా రాష్ట్రంలోని మైల్స్ సిటీ పరిశోధన కేంద్రంలో 1934లో మొదలైన హెర్‌ఫర్డ్ మందను ఇట్లా తూకాల మీదనే ఎంచుతూ వచ్చారు. 2009లో శాస్త్రజ్ఞులు ఆవు జన్యుక్రమాన్ని ప్రకటించినప్పుడు, వారు చదివినది ఆ వంశానికే చెందిన డొమినెట్ అనే ఆవు జన్యువులను.

అయితే తూకంలో ఒక చిక్కుంది. పుట్టినప్పుడే మరీ బరువుండే దూడలనిచ్చే ఆబోతును తొలిచూలు పెయ్యలకు పెట్టితే, ఈత కష్టమై తల్లీ బిడ్డా రెండూ పోవచ్చు. పుట్టుకలో తేలిక, పెరుగుదలలో జోరు, రెండూ కలిసి ఉన్నవాడిని వెతకాలి.

నాలుగవది కాగితం. తండ్రి, తల్లి, తోబుట్టువులు, పుట్టిన దూడలు, వీటన్నిటి తూకాలనూ కలిపి, ఈ ఆబోతు దూడలు మరొకదాని దూడలకంటె ఎంత తేడాగా ఉంటాయో ముందే అంచనా కడతారు. ఒకదానికి 18 కిలోలు, మరొకదానికి 10 కిలోలు అని ఉంటే, ఒకే రకం ఆవులకు పుట్టిన దూడల సగటు తూకంలో 8 కిలోల తేడా రావచ్చునని అర్థం. మూర్ఛ, వెంట్రుకలు సరిగా మొలవకపోవటం వంటి దాగి ఉండే దోషాలు ఈనాడు తోక వెంట్రుకల కుదుళ్ళతోనే తెలిసిపోతాయి. పదహారు దూడల కోసం ఎదురు చూడనక్కరలేదు.

ఇదంతా దూరదేశపు సంగతి గదా, మనకేమిటి అంటారేమో. మన నెల్లూరు, ఒంగోలు పశువులు బ్రెజిల్‌లో నెలోర్ జాతి అయినాయి. అమెరికాలో బ్రాహ్మన్ జాతిలోనూ ఆ రక్తం కలిసింది. ఆ బ్రాహ్మన్‌తో హెర్‌ఫర్డ్‌ను కలిపి ఎండకు తట్టుకొనే బ్రాఫర్డ్ జాతిని తయారు చేశారు. ఆ మందల్లో మన ఆవుల వారసులూ ఉన్నారన్నమాట.

మీరు ఒంగోలు కోడెనే నిలపదలచినా, పాలకోసమైనా, అరక కోసమైనా, సూత్రం ఒకటే. ధర చెప్పబోయే ముందు తల్లిని చూపించమనండి, ఇదివరకు పుట్టిన దూడలను చూపించమనండి, తూకాల చీటీ అడగండి, పశువైద్యుని పిలిపించండి. ఇవేవీ లేవు, చూపే చాలునంటే, ఆ పూట బేరం ఆపి ఇంటికి రండి. మన డబ్బు పోయేది ఆబోతు రూపానికి కాదు, రేపు దొడ్లో పుట్టబోయే దూడలకు.