చేతిలోని ఫోను, చెవిలోని శ్రుతి

మన పాఠశాల వార్షికోత్సవమునకై ప్రార్థనాగీతము అభ్యసించుచున్న దినములలో ఒక చిన్న వివాదము పుట్టినది. సంగీతోపాధ్యాయినిగారు తంబురను శ్రుతిచేసి ప్రక్కన నుంచిరి. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన తండ్రిగారి స్మార్టుఫోనును తంబుర చెంత పట్టి, తెరమీది అంకెను చూచి, "టీచరుగారూ, మంద్ర షడ్జం తీగ తప్పిందండీ. మధ్య షడ్జానికి ఎంత చూపిస్తోందో దీనికీ అంతే చూపిస్తోంది" అనెను. "నా చెవికి సరిగానే ఉంది నాయనా. నీ ఫోను సంగతే చూసుకో" అని ఆమె నవ్విరి. పిల్లలలో కొందరు ఫోను పక్షమును, కొందరు టీచరుగారి పక్షమును వహించిరి.

మేము ఆ ఫోనును తీసికొని పరిశీలించితిమి. అది చూపిన అంకె అబద్ధము కాదు. చెవి చెప్పిన మాటయు అబద్ధము కాదు. రెండును ఏకకాలమున నిజమగుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న, శబ్దమును గూర్చియు, దానిని ఫోను విడదీయు విధమును గూర్చియు కొంత తెలిసికొనవలెను.

తీగెను మీటినపుడు అది అటునిటు కంపించును. ఆ కంపనము గాలిని తాకి, గాలి పొరలను నొక్కుచు సడలించుచు మన చెవివరకు వచ్చును. ఒక సెకనులో ఎన్ని కంపనములు జరుగునో ఆ సంఖ్యకే పౌనఃపున్యమని పేరు. దానిని హెర్ట్జులలో లెక్కింతురు. ఆరోగ్యవంతుడైన బాలుడు సుమారు 20 హెర్ట్జుల నుండి 20,000 హెర్ట్జుల వరకు వినగలడు. వయస్సు పెరిగినకొలది పై అవధి తగ్గుచు వచ్చును. పౌనఃపున్యము రెట్టింపైనచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. మన తంబురలో మధ్య షడ్జము 196 హెర్ట్జులు. కావున మంద్ర షడ్జము అందులో సగము, అనగా 98 హెర్ట్జులు కావలెను.

ఇక్కడ ఒక చిక్కు కలదు. తీగె ఒక్క విధముగా మాత్రమే కంపించదు. అది మొత్తముగా ఊగుచునే, రెండు భాగములుగను, మూడు భాగములుగను, నాలుగు, అయిదు భాగములుగను కూడ అదే సమయమున ఊగును. అందువలన 98తో పాటు 196, 294, 392, 490 హెర్ట్జుల నాదములును వెలువడును. వీనిని అనుస్వరములందురు. వేణువు, వీణ, కంఠము ఒకే స్వరమును పలికినను మనము వానిని వేరువేరుగా గుర్తుపట్టగలుగుటకు ముఖ్య కారణము, ఈ అనుస్వరముల బలాబలములు ఒక్కొక్కదానిలో ఒక్కొక్క విధముగా నుండుటయే.

ఎంత చిక్కని కంపనమైనను, మరల మరల వచ్చునదైనచో, సరళమైన కంపనముల మొత్తముగా దానిని వ్రాయవచ్చునను భావమునకు పునాది వేసినవారు ఫ్రెంచి గణితజ్ఞుడైన ఫూరియే. ఆయన 1822లో ప్రకటించిన గ్రంథము ఉష్ణమును గూర్చినది. ఆయన గణితము మాత్రము శబ్దమునకును అంతగానే ఉపకరించినది. తరువాత జర్మనీ దేశపు హెల్మ్‌హోల్ట్జు బోలు గోళములను వివిధ పరిమాణములలో చేయించి, ఒక్కొక్కదానిని చెవిలో నుంచుకొని, ఒక నాదములో ఏయే అనుస్వరములు కలవో వినెను. ఒక్కొక్క గోళము ఒక్కొక్క పౌనఃపున్యమునకు మాత్రమే అనునాదము చెందును. ఆయన మహాగ్రంథము 1863లో వెలువడినది. నాడు అన్ని గోళములతో ఓపికగా చేసిన పనిని నేడు జేబులోని ఫోను రెప్పపాటున చేయుచున్నది.

అది ఎట్లు చేయునో చూతము. ఫోను అడుగున సూదిబెజ్జము వంటి చిన్న రంధ్రము కలదు. దాని వెనుక సిలికానుతో చేసిన ఆవగింజంత మైక్రోఫోను ఉండును. గాలి ఒత్తిడికి దానిలోని సన్నని పొర కదలును. ఆ కదలిక విద్యుత్తుగా మారును. ఫోను ఆ విద్యుత్తును సెకనునకు 48,000 పర్యాయములు మచ్చు చూచి, ప్రతి మచ్చును ఒక అంకెగా వ్రాసికొనును. కొన్ని ఫోనులలో ఈ సంఖ్య 44,100. ఒక కంపనమును గుర్తించుటకు దానికి రెండింటికన్న ఎక్కువ మచ్చులు కావలెను. కాబట్టి 48,000 మచ్చులతో 24,000 హెర్ట్జుల లోపలి శబ్దములను మాత్రమే పట్టవచ్చును. మన చెవి అవధికి ఇది చాలును.

పిమ్మట ఫోను ఈ అంకెలను కట్టలుగా కట్టి, ఒక్కొక్క కట్టలో ఏ పౌనఃపున్యము ఎంత కలదో లెక్కించును. 4,096 అంకెల కట్టను సూటిమార్గమున లెక్కించిన సుమారు 1 కోటి 67 లక్షల గుణకారములు కావలెను. 1965లో కూలీ, టూకీ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఒక తరుణోపాయమును ప్రకటించిరి. కట్టను సగము చేసి, ఆ సగమును మరల సగము చేసి, చిన్న లెక్కలను కూర్చి పెద్ద లెక్కను సాధించుట ఆ ఉపాయము. దీనివలన పని సుమారు 50,000 మెట్లకు తగ్గినది. ఇట్టి మార్గమును గౌస్ మహాశయుడు 1805 ప్రాంతముననే కనుగొనెనని తరువాత తెలిసినది. ఈ ఉపాయమే లేకున్నచో, పాట సాగుచుండగనే తెరమీద గీతలు కదలుట దుర్లభమై యుండెడిది.

అయినను ఈ యంత్రమునకు ఒక కట్టుబాటు కలదు. 4,096 మచ్చులు సేకరించుటకు సెకనులో పన్నెండవ వంతు కాలము పట్టును. ఆ కట్టతో ఫోను వేరుచేసి చూడగల అంతరము సుమారు 12 హెర్ట్జులు. మంద్ర స్థాయిలో ప్రక్కప్రక్క స్వరస్థానముల నడుమ అంతరము 6 హెర్ట్జులే. అనగా ఆ కట్టతో మంద్ర షడ్జమును, దాని ప్రక్కనున్న శుద్ధ రిషభమును ఫోను వేరుచేయజాలదు. కట్టను 16,384 మచ్చులకు పెంచినచో అంతరము 3 హెర్ట్జులకు తగ్గును గాని, సెకనులో మూడవ వంతు కాలము ఆగవలెను. ఆ లోపల గాయకుడు నాలుగు స్వరములు పలికి ముందునకు పోవును. సూక్ష్మత కావలెనన్న కాలము ఈయవలెను. వేగము కావలెనన్న సూక్ష్మతను వదలుకొనవలెను. ఫోను ఎంత ఖరీదైనదైనను ఈ నియమము తప్పదు.

ఇప్పుడు మన తంబుర వివాదమునకు వత్తము. మేము జర్మనీలోని ఆఖెను విశ్వవిద్యాలయమువారు 2016లో ఉచితముగా వెలువరించిన ఫైఫాక్సు అను ఉపకరణమును ఫోనులో నెక్కించుకొని, ధ్వని వర్ణపటమును తెరిచి, మంద్ర తీగెను మీటితిమి. తెరమీద శిఖరముల వరుస నిలిచినది. 196 వద్ద శిఖరము అన్నింటికన్న ఎత్తైనది. 294, 392, 490 వద్దను శిఖరములు కలవు. 98 వద్ద నున్నది చిన్న మొటికవలె మాత్రమే కనబడినది. విద్యార్థి మొదట వాడిన ఉపకరణము ఎత్తైన శిఖరమునే చూచి 196 అని చెప్పినది. మనిషి మాటకొరకు చేసిన చిన్న మైక్రోఫోనులలో పెక్కింటికి లోతైన నాదములు బలహీనముగా అందుటయు దీనికి తోడైనది.

మరి చెవి ఎట్లు కనుగొన్నది? శిఖరముల నడుమ దూరమును చూడుడు. 196 నుండి 294కు 98, 294 నుండి 392కు 98, అటుపైని 98. మన చెవియు మెదడును ఎత్తైన శిఖరమును మాత్రమే చూడవు. వరుస అంతటిని కలిపి విని, ఇవన్నియు ఏ నాదమునకు సంతానమో గ్రహించును. తల్లినాదము బలహీనమైనను, పూర్తిగా తొలగించినను, మనకు వినబడు శ్రుతి 98 దే. టీచరుగారి చెవి వరుసను విన్నది. ఫోను ఒక్క శిఖరమును చదివినది. తప్పు ఫోనుది కాదు, ఆ అంకెను శ్రుతియని భ్రమించిన మనదే.

ఇంకొక వింతయు ఆనాడు కనబడినది. 294 పంచమము. 490 అంతర గాంధారము. తంబురలో గాంధారపు తీగె లేకున్నను, మంచి శ్రుతిలో అది తనంతట వినబడునని సంగీతవిద్వాంసులు చెప్పుదురు. దానిని స్వయంభూస్వరమందురు. అయిదవ శిఖరమును తెరమీద చూచినపుడు టీచరుగారు, "రోజూ మిమ్మల్ని వినమని చెప్పేది దీన్నే" అనిరి. అంతవరకు వినని పిల్లలు కన్నులు మూసికొని మరల వినిరి. ఈసారి కొందరికి వినబడినది.

మృదంగము విషయమున మన దేశమునకే గర్వకారణమైన పరిశోధన యొకటి కలదు. సర్ సి.వి. రామన్ 1888లో తిరుచిరాపల్లిలో జన్మించి, తండ్రిగారు విశాఖపట్టణమున అధ్యాపకులైనందున బాల్యవిద్య అక్కడ నేర్చిరి. ఆయన 1920లో శివకాళి కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలోను, 1934లో మరింత విపులముగను మన మృదంగ తబలాలను గూర్చి వ్రాసిరి. సామాన్యమైన చర్మపు పొర కంపించినపుడు దాని నాదములు 1, 1.59, 2.14, 2.30 అను పొంతనలేని నిష్పత్తులలో వచ్చును. అందుచే పెక్కు చర్మవాద్యముల నాదమునకు స్పష్టమైన శ్రుతి ఉండదు. మృదంగపు కుడి మూత నడుమనున్న నల్లని పూత ఆ నాదములను 1, 2, 3, 4, 5 అను సుస్వర నిష్పత్తులలోనికి తెచ్చునని రామన్ నిరూపించిరి. శాస్త్రగ్రంథములు చదువని మన వాద్యకారులు చెవి ఒక్కటియే ఆధారముగా ఆ పూతను ఎంత మందమున వేయవలెనో కనుగొనిరి. నేడు ఏ విద్యార్థియైనను ఫోనును దగ్గర నుంచి, కుడి మూతను మీటి, శిఖరములు సమదూరమున నిలుచుటను చూడవచ్చును. ప్రక్కన ఒక డప్పును మ్రోగించి చూచినచో భేదము తెల్లమగును.

ఈ యంత్రము మన మాటకును అద్దము పట్టగలదు. ఒకే శ్రుతిలో ఆ, ఈ, ఊ అని పలికి చూడుడు. శిఖరముల స్థానములు మారవు; వాని ఎత్తులు మారును. నోటి ఆకారము కొన్ని అనుస్వరములను పెంచి కొన్నింటిని అణచును. ఆ అనునపుడు 700 హెర్ట్జులకు పైబడిన ప్రాంతము బలపడును. ఈ అనునపుడు 300 ప్రాంతమును, మరల 2,000కు పైబడిన ప్రాంతమును బలపడి నడుమ లోయ ఏర్పడును.

మన పిల్లలకు దీనివలన మరియొక మేలు కలదు. తమిళ లిపిలో క, గ లకు ఒక్కటే అక్షరము. స్థానమునుబట్టి ఉచ్చారణ మారును. అది ఆ భాషయొక్క వ్యవస్థయే గాని లోపము కాదు. కాని ఇంటివెలుపల తమిళమే వినుచు పెరిగిన మన పిల్లలలో కొందరు తెలుగు పాఠమును చదువునపుడు 'గాలి'ని 'కాలి' యనియు, 'బాట'ను 'పాట' యనియు పలుకుదురు. తోటివారు నవ్వినకొలది వారి నోట తెలుగు మరింత తగ్గును. అట్టి బాలిక యొకతెకు మేము కాలము అడ్డముగను పౌనఃపున్యము నిలువుగను చూపు చిత్రమును ఫోనులో తెరిచి యిచ్చితిమి. గ పలికినపుడు, నోరు విచ్చుటకు ముందే కంఠము కంపించును. చిత్రము అడుగున సన్నని పట్టీ ముందుగా కనబడును. క పలికినపుడు ఆ పట్టీ ఉండదు. ఆమె గొంతుపై వ్రేలు పెట్టుకొని, ఆ కంపనమును తాకి తెలిసికొని, పట్టీ వచ్చువరకు తానే ప్రయత్నించెను. ఎవ్వరును నవ్వలేదు, ఎవ్వరును దిద్దలేదు. నాలుగు దినములకు ఫోను అవసరము లేకపోయినది.

ప్రయోగము చేయగోరువారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. మొదట ఫోనునే పరీక్షింపుడు. మన ప్రయోగశాలలోని శ్రుతిదండములపై 256, 512 అని చెక్కియుండును. వానిని మ్రోగించి ఫోను అంతయే చూపునో లేదో చూడుడు. పంకాలను ఆపుడు. మన విద్యుత్తు సెకనునకు 50 పర్యాయములు ఆవర్తించును గనుక ట్రాన్సుఫార్మరుల రొద 100 హెర్ట్జుల వద్ద కనబడును. దానిని 98 అని భ్రమించుట సులభము. మాటలకొరకు చేసిన కొన్ని ఫోనులు ఎడతెగని నాదమును రొదగా భావించి తమంతట అణచివేయును. తంబుర వాని దృష్టిలో రొదయే! అట్టి సవరణను ఆపు వీలున్నచో ఆపవలెను. ఫోను చూపు డెసిబెలుల లెక్కను, సరిపోల్చి చూడనిదే, ప్రమాణముగా గైకొనరాదు. ఇతరుల గొంతును వారి అనుమతి లేక ముద్రింపరాదు.

విద్యార్థులారా! ఇంతకాలము మన వంటి చిన్న పాఠశాలలు శబ్దశాస్త్రమును పుస్తకములోని బొమ్మలతో బోధించుచుండెను. ఖరీదైన పరికరములు మనకు లేవు. నేడు ఇంటింట నున్న ఫోనుతో ఆ కొరత కొంత తీరినది. అంకె కనబడగనే చెవిని తప్పుపట్టకుడు. చెవి చెప్పినదని అంకెను తోసివేయకుడు. రెండును వేరైనపుడు, ఎందుకు వేరైనవని అడుగుడు. మన తొమ్మిదవ తరగతి విద్యార్థి అట్లు అడిగినందుననే మనకందరకును తంబురలోని గాంధారము వినబడినది. ఇప్పుడు టీచరుగారు తంబుర శ్రుతి చేయునపుడు అతడు ప్రక్కనే కూర్చుండును. ఫోను జేబులోనే యుండును. తీగె సరిపడినపుడు అతడే ముందుగా తల యూపును.