హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950వ దశకంలో భారత ఫుట్‌బాల్‌లో ఆధిపత్యం వహించిన జట్టు. ఆ కాలంలో దేశంలో ఈ ఆటకు ప్రధాన కేంద్రం కలకత్తా. పేరుపొందిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులు అక్కడివే. ఆ నగరానికి దూరంగా ఉన్న ఒక పోలీసు జట్టు వరుసగా గెలవడం వలన ఆటకు మేలు జరిగిందా అన్న ప్రశ్నకు ఈ జట్టు చరిత్ర ఒక మంచి ఉదాహరణ.

విజయాలు

అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును ఈ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు గెలుచుకొంది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954, 1957లలో కూడా డ్యూరాండ్ కప్పు ఈ జట్టుకే దక్కింది. తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు పేరుతో 1961లో మరోసారి ఆ కప్పును సాధించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58లలో గెలిచింది.

శిక్షణ

ఈ విజయాలకు మూలకారకుడు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963). ఈయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. బంతిని ఒక్కరే ఎక్కువసేపు తమ వద్ద ఉంచుకోకుండా వెంటనే తోటివారికి అందించే పద్ధతిని ఆటగాళ్ళకు నేర్పాడు. ఇందుకోసం డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను, అలవాటు లేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను నిర్వహించాడు.

జాతీయ జట్టుపై ప్రభావం

హైదరాబాదులో రూపొందిన ఈ పద్ధతి రహీం ద్వారా జాతీయ జట్టుకు చేరింది. ఈయన శిక్షణలో భారత్ 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962 జట్టు నాయకుడు చునీ గోస్వామి మోహన్ బగాన్ ఆటగాడు. హైదరాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో అతనితో కలిసి ఆడారు. అంటే కలకత్తాకు పోటీగా ఎదిగిన ప్రాంతం చివరకు కలకత్తా ఆటగాళ్ళకు కూడా ఉపయోగపడింది.

స్వస్థలంలో క్షీణత

ఆ మేలు హైదరాబాదులో ఎక్కువకాలం నిలువలేదు. మంచి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు ఆకర్షించాయి. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టి, రహీం దృష్టిలో పడి ఎదిగిన బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూ జట్లపై గోల్స్ చేసాడు. 1963 జూన్‌లో రహీం కాన్సరుతో మరణించాడు. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచినా, తరువాత ఆంధ్రప్రదేశ్ గానీ, 2014లో ఏర్పడిన తెలంగాణ గానీ ఆ ట్రోఫీని గెలవలేదు. భారత్‌కు కూడా 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం రాలేదు.

తరువాతి కాలం

2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. కాని మూడేళ్ళు గడిచేసరికి, 2025లో, ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. ఈ రెండు ఉదాహరణలను బట్టి, కొత్త ప్రాంతపు జట్టు గెలుపు ఒక్కటే ఆ ప్రాంతంలో ఆటను నిలబెట్టలేదని తెలుస్తుంది. పోలీసు జట్టు శిక్షణా పద్ధతి దేశమంతటికీ మేలు చేసింది. దానిని కొనసాగించే ఏర్పాటు లేనందున స్వస్థలానికి మాత్రం జ్ఞాపకమే మిగిలింది.