మిర్చి కల్లం ఫొటోకు తిరస్కారమెందుకు?

డోర్నకల్: మాఘ, ఫాల్గుణ మాసాలు వచ్చాయంటే డోర్నకల్ చుట్టుపక్కల కల్లాలన్నీ మిర్చితో ఎర్రబడతాయి. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాడు సైతం ఫోను తీసి ఒక ఫొటో కొట్టక మానడు. ఇక ఊళ్లో స్టూడియో నడుపుకునే కుర్రవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. అలా తీసిన ఫొటో చూసి ఇంటివారు, దోస్తులు భేష్ అంటారు. అదే ఫొటోను ఇంటర్నెట్‌లో అమ్మకానికి పంపితే మాత్రం నాణ్యత చాలదన్న జవాబుతో తిరిగివస్తుంది.

ఫొటోలు అమ్మిపెట్టే సంస్థలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. ఇంగ్లండ్‌కు చెందిన ఆలమీ 1999లోను, అమెరికాకు చెందిన షటర్‌స్టాక్ 2003లోను ప్రారంభమైనవి. ఫొటోషాప్ తయారుచేసే అడోబ్ కంపెనీ 2015లో అడోబ్ స్టాక్ పేరిట ఈ వ్యాపారంలోకి దిగింది. మసాలా పొట్లం మీద మిరపకాయ బొమ్మ కావలసిన కంపెనీ, పాఠ్యపుస్తకంలో పత్తిచేను వేయదలచిన ప్రచురణకర్త వీటి దగ్గర కొనుక్కుంటారు. ఫొటో ఎవరైనా పంపవచ్చు. అమ్ముడుపోయిన ప్రతిసారీ తీసినవానికి వాటా ముడుతుంది. కాకపోతే ముందు పరీక్షలో నెగ్గాలి. ఆ పరీక్షలో ఫొటోను ఫోను తెరమీద చూసినట్లు చూడరు. పూర్తి సైజుకు పెంచి మూలమూలా వెతుకుతారు.

అసలు చిక్కు మన అలవాటులో ఉన్నది. స్టూడియోలలో టచింగ్ అనే విద్య పాతది. కంప్యూటర్లు రాకముందు నెగటివ్ మీద సన్నని పెన్సిల్‌తో ముఖంమీది మచ్చలు దిద్దేవారు. ఇప్పుడా పని ఫొటోషాప్‌లో జరుగుతున్నది. పెళ్లికూతురి ముఖం నున్నగా ఉండాలి, చీర రంగు కొట్టొచ్చినట్లు కనిపించాలి, వెనక ఎన్నడూ చూడని పూలతోట ఉండాలి. లేకుంటే ఆల్బం తీసుకునేవారు ఒప్పుకోరు. సరిగ్గా ఈ మూడు పనులే అక్కడ తప్పుల కింద లెక్క. ఇక్కడ డబ్బు తెచ్చే నేర్పే అక్కడ ఫొటోను వెనక్కి పంపుతున్నదన్నమాట.

మిర్చి ఫొటోనే తీసుకుందాం. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే ఎరుపు హద్దు మీరుతుంది. కాయకూ కాయకూ మధ్య గీత చెరిగిపోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. కాయ మీది ముడత, తొడిమ, తాలుకాయ మీది తెల్లమచ్చ ఏదీ కనిపించదు. అలా పోయిన వివరం ఏ కంప్యూటర్‌లోనూ తిరిగి రాదు. దానిపైన ఇంకా ఎర్రగా ఉంటే బాగుంటుందని రంగు పెంచితే ఇక చెప్పేదేముంది! పొద్దున ఎండ ముదరకముందు గాని, సాయంత్రం నీడలు సాగిన తరువాత గాని తీయాలి. కెమెరాలో హిస్టోగ్రామ్ అని వెలుగు లెక్క చూపే పటం ఉంటుంది. అందులో ఎర్రగీత కుడి అంచుకు గుద్దుకుంటే వెలుగు కొంచెం తగ్గించి మళ్లీ తీయాలి. వీలైనంతవరకు జేపెగ్‌తో పాటు రా ఫైలు కూడా ఉంచుకోవడం మేలు, దిద్దడానికి అందులో జాగా ఎక్కువ. కల్లంలో నీలం పరదా ఉంటే దాని ఛాయ కాయలమీద, మనుషులమీద పడుతుంది. కూలీల భుజంమీది తెల్లతువాలును ఆధారం చేసుకుని రంగు సరిచేయవచ్చు.

చీకట్లో తీసి తరువాత వెలుగు పెంచితే ఇసుక చల్లినట్లు చుక్కలు తేలతాయి. దీన్నే నాయిస్ అంటారు. చుక్కలు పోవాలని మరీ నున్నగా రుద్దితే మిరపకాయ మైనపు బొమ్మలా మారుతుంది. అదీ తిరస్కారానికి కారణమే. ఫోను ఫొటోలు తిరిగిరావడానికి ఒక కారణం ఇదే, ఫోను తనంతట తానే రుద్ది, పదును పెట్టి మరీ ఇస్తుంది.

ఫొటోలో కనీసం 4 మెగాపిక్సెళ్లు, అనగా 40 లక్షల చుక్కలు ఉండాలని షటర్‌స్టాక్, అడోబ్ స్టాక్ రెండూ కోరుతాయి. మామూలుగా వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయిన ఫొటో అందులో సగానికి కూడా మిగలదు. దాన్ని సాగదీసి పంపితే పట్టుబడుతుంది. కెమెరా కార్డులోని అసలు ఫైలే కావాలి.

డోర్నకల్‌లో ఫొటో అనగానే గుర్తుకువచ్చేది ఎపిఫనీ కెథెడ్రల్. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య హయాంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన ఈ చర్చిలో గుమ్మటాలు, మినార్లు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు కలిసి ఉంటాయి. కింద నిలబడి కెమెరా పైకెత్తితే మినార్లు ఒకదానిమీదికి ఒకటి ఒరిగినట్లు వస్తాయి. వీటిని నిలువుగా సరిచేయాలి. గుమ్మటం అంచున ఊదారంగు గీత ఉంటే చెరపాలి. లెన్సు మార్చేటప్పుడు పడిన దుమ్ము ఆకాశంలో మచ్చలుగా కనిపిస్తే అదీ తుడవాలి. వీటికి ఎవరూ అడ్డు చెప్పరు. ఆకాశమే మార్చి కొత్త మబ్బులు అతికించడం వేరు. కృత్రిమ మేధ గీసిన బొమ్మలను పంపేవారి నుంచి షటర్‌స్టాక్ తీసుకోదు. అడోబ్ తీసుకుంటుంది గాని ఆ సంగతి ముందే చెప్పాలి. చర్చి లోపల తీసి అమ్మాలంటే పెద్దల అనుమతి కావాలి. రైల్వే స్టేషన్‌లోనూ వ్యాపారానికి ఫొటో తీయాలంటే రైల్వేవారి అనుమతి తప్పదు.

ఇంకొక తిరకాసు ఉన్నది. ప్రకటనలకు అమ్మే ఫొటోలో ఎరువుబస్తా మీది కంపెనీ పేరు, ట్రాక్టరు గుర్తు కనిపించరాదు, చెరిపి పంపాలి. అదే ఫొటోను వార్తల విభాగానికి పంపదలిస్తే ఏదీ చెరపరాదు. కరెంటు తీగె అడ్డం వచ్చినా అలాగే ఉంచాలి. కత్తిరింపు, వెలుగు, రంగు సవరణ వరకే అనుమతి. ఏ ఊరు, ఏ తేదీ అన్నది కూడా రాయాలి. ఒకే ఫైలును దిద్ది రెండు చోట్లకూ పంపి, రెండు చోట్లా పోగొట్టుకోవడం తేలిక.

ఇంతవరకు ఫొటోగ్రాఫర్ల కష్టం. కల్లంలో కాయలు ఏరే ఆడకూలీల విషయం వేరు, గ్రామస్థులందరూ తెలుసుకోవలసిందీ అదే. మనిషి గుర్తుపట్టేలా ఉంటే ప్రకటనల ఫొటోకు మోడల్ రిలీజ్ అనే సమ్మతి పత్రం జతచేయాలి. పిల్లలైతే తల్లి గాని తండ్రి గాని సంతకం పెట్టాలి. ముఖం కనిపించకపోయినా చేతిమీది పచ్చబొట్టు ఆనవాలు పట్టిస్తుంది కనుక దానికీ పత్రం అడుగుతారు. తండాల ఫొటోలలో ఈ చిక్కు ఎక్కువ. ఆ పత్రం ఇంగ్లీషులో ఉంటుంది. దానిమీద సంతకం పెట్టిన మనిషి బొమ్మను రేపు ఏ దేశంలో, ఏ సరుకు ప్రకటనలో వాడినా అడిగే హక్కు దాదాపు ఉండదు, మళ్లీ డబ్బూ రాదు. పది రూపాయలు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుంటే పని అయిపోయిందనుకోవడం అన్యాయం. తెలుగులోనో లంబాడీలోనో చదివి వినిపించాలి, వద్దంటే ఆ ఫొటో పక్కన పెట్టాలి. ముఖాలు రాకుండా చేతులు, కాయలు మాత్రమే తీసినా మంచి ఫొటో వస్తుంది. మసాలా కంపెనీకి కావలసింది కూడా కాయే కదా!

రాబడి విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోరాదు. షటర్‌స్టాక్ 2020లో మార్చిన నిబంధనల ప్రకారం వాటా 15 శాతంతో మొదలై అమ్మకాలనుబట్టి 40 శాతం దాకా పెరుగుతుంది. ప్రతి జనవరిలో మళ్లీ మొదటి మెట్టుకు దిగిపోతుంది. ఒక్కోసారి ఒక ఫొటోకు వచ్చేది 10 సెంట్లే, అంటే మన డబ్బులో పది రూపాయలకు అటూ ఇటూ. అడోబ్ స్టాక్ 33 శాతం ఇస్తుంది గాని 25 డాలర్లు పోగయ్యేవరకు చేతికి ఇవ్వదు. అందుచేత ఒకటి రెండు ఫొటోలతో ఒరిగేదేమీ లేదు, వందల్లో ఉండాలి. అలాగని ఒకే కల్లాన్ని ఒకే చోటు నుంచి పదిసార్లు తీసి పంపితే ఒకేలా ఉన్నాయని వెనక్కి పంపుతారు. దూరం నుంచి ఒకటి, తాలు ఏరే చేతులు ఒకటి, బస్తా కుట్టు ఒకటి, మార్కెట్‌కు పోయే ట్రాలీ ఒకటి తీసి ఉంచుకోవచ్చు. ఆషాఢంలో ముహూర్తాలు లేక స్టూడియోలు ఖాళీగా ఉంటాయి. ఎండాకాలంలో తీసిన రా ఫైళ్లను ఒక్కొక్కటిగా దిద్దుకోవడానికి ఆ నెలరోజులు అనువైనవి.